బండ సంఘంలో రెండో కుండ

ఎర్రమట్టి మెట్టలకూ ఏటికీ మధ్య ఒక చదును నేల ఉంది. ఏటా మార్గశిర మాసంలో ఐదు దేశాల పశువుల మందలు అక్కడ చేరి ఎద్దుల చేత బండ లాగిస్తాయి. కొండ మంద, నల్లరేగడి మంద, సముద్రపొడ్డు మంద, ఏటవతలి మంద, మెట్ట మంద. నీడ రెండడుగులు జరిగేలోపు బండను ఎవరు ఎక్కువ దూరం లాగితే వారిది గెలుపు. గెలిచిన ఎద్దు మెడలో గంట కడతారు. గంటదేముంది, మోగుతుంది, అంతే. అసలు బహుమానం వేరే. వచ్చే ఎండాకాలమంతా ఏటి మధ్య లంకలో పచ్చిక మేసే హక్కు ఆ ఎద్దు మందదే.

మెట్ట మందకు ఆ హక్కు అంది ఆరేళ్ళయింది. ఆరు ఎండాకాలాలు ఎండుపుల్లలు నమిలి బతికింది. పోయినేడు వైశాఖంలో నాలుగు దూడలు లేవలేకపోయాయి. అందులో ఒకటి గంగాలు ఆవు తొలిచూలు దూడ.

ఆ మంద తరఫున బండ లాగేది పుల్లన్న. పన్నెండేళ్ళ ఎద్దు. ఇక మీదట లాగే వయసు కాదు. ఆరేళ్ళూ రెండో స్థానమే వచ్చినా ఒక్కరోజు సాధన మానలేదు. పొద్దు పొడవకముందే వాలులో రాయి లాగేవాడు. బెల్లం పెడితే ముట్టేవాడు కాదు. "బండ పోటీలో బెల్లం రాదు కదా తోడుకి" అనేవాడు.

ఈ పోటీలన్నీ నడిపేది సకల దేశాల బండ సంఘం. దానికి అధ్యక్షుడు ఒక నక్క. పేరు జయసింహం. చివర ఉన్న సింహం తను తగిలించుకున్నదే. గడ్డి తినే మందలకు గడ్డి తినని పెద్ద ఉంటే పక్షపాతం ఉండదని మొదట్లో అందరూ ఏకమై ఎన్నుకున్నారు. గడ్డి తినని వాడికి కూడా కడుపు ఉంటుందన్న సంగతి మరిచారు. లంక ఏటవతలి మంద చేతిలో ఉన్నంత కాలం, లంక ఒడ్డున దొరికే పీతలన్నీ జయసింహానివే. ఆరేళ్ళుగా ఆ మందే గెలుస్తోంది.

మత్తు తిని బండ లాగడం సంఘంలో నేరం. మత్తును పట్టుకోవడానికి పేడ పరీక్ష ఉంది. ఇదివరకు ఆ పని ఈగ చేసేది. ఈగ ఏ పేడ మీద వాలినా బాగుందనే అనేది. పోయినేడు కొండ మంద గట్టిగా గొడవపడితే, ఈ ఏడు ఈగను తీసేసి పేడపురుగు పేరమ్మను పెట్టారు.

పేరమ్మ పద్ధతి వేరు. బండ లాగి వచ్చిన ప్రతి ఎద్దు పేడనూ రెండు కుండల్లోకి తీస్తారు. మొదటి కుండలో పైపైన కాస్త తీసి పేరమ్మ ఉండ చేస్తుంది. తల కిందికి, వెనక కాళ్ళు పైకి పెట్టి దాన్ని దొర్లిస్తుంది. మంచి పేడైతే దారం లాగినట్టు తిన్నగా పోతుంది. మత్తున్న పేడైతే ఆ మత్తు ఆమె కాళ్ళకెక్కి ఉండ గుండ్రంగా తిరుగుతుంది. రెండో కుండ మూతికి మట్టి పూసి, ఐదు మందల పెద్దలూ గిట్ట ముద్రలు వేసి గోతిలో పెడతారు. మొదటి పరీక్ష మీద అనుమానం వస్తే అందరి ముందూ దాన్ని తెరుస్తారు. మొదటి కుండ ఫలితాన్ని మాత్రం ముందు అధ్యక్షుడి చెవిలోనే చెప్పాలి. ఆ నియమం పెట్టింది జయసింహం.

ఈ ఏడు పొద్దున్నే పోటీ జరిగింది. పుల్లన్న ఇరవై తొమ్మిది బారలు లాగి నిలబడ్డాడు. మెట్ట మంద నాలుకలు చాపి అతని వీపు నాకింది. చివరగా ఏటవతలి మంద కోడె గండడు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోట నురగ. కాడి తగిలించకముందే నేల తవ్వుతున్నాడు. బండను ముప్పై ఒక్క బారల దాకా ఈడ్చుకుపోయాడు. అక్కడ గుర్తుకి మేకు కొట్టారు.

"గెలిచాం" అని ఏటవతలి మంద రంకె వేసింది.

గంగాలు లంక వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

కాసేపటికి పేరమ్మ, చెట్టు నీడలో కూర్చున్న జయసింహం దగ్గరికి వెళ్ళింది.

"అధ్యక్షులవారూ, గండడి పేడ తిరిగింది."

"ఎటు?"

"చుట్టూ. మూడు చుట్లు. మూడో చుట్టులో నా ఉండ మీంచి నేనే పడ్డాను."

"నేల వాలుగా ఉందేమోనమ్మా."

"ఆ నేల మీదే పుల్లన్న ఉండ తిన్నగా పోయింది."

"గాలి వీచిందేమో."

"ఆకు కదల్లేదు."

జయసింహం తోకను ముందుకు లాక్కుని దువ్వుకున్నాడు. "చూడు పేరమ్మా, నువ్వు కొత్తగా వచ్చావు. ఈ సంఘం పరువంటే ఐదు దేశాల పరువు. ఇలాంటి మాట బయటికి పొక్కితే పరువు పోతుంది."

"మత్తు తిన్నవాడి పరువు పోతుంది. తిననివాళ్ళది ఎందుకు పోతుంది?"

"సరే, అది వదిలెయ్. ఏనుగుల అడవిలో మన సంఘం శాఖ పెడుతున్నాం. అక్కడ నీకు పెద్ద ఉద్యోగం. ఒక్కో ఉండ కొండంత ఉంటుంది."

"నా ఉండ నేను దొర్లించగలిగినంతే ఉండాలి అధ్యక్షులవారూ."

"ఈగకు నీ ఉద్యోగం మీద ఇంకా ఆశ చావలేదు. తెలుసా?"

"ఇచ్చెయ్యండి. ఈ ఫలితం చెప్పాక ఇచ్చెయ్యండి."

నక్క చిరునవ్వు మాయమైంది. "అయితే నాకే అనుమానం వచ్చింది. నీ పరీక్ష మీద. మందలు ఏటికి పోయి నీళ్ళు తాగి రానీ. రాగానే రెండో కుండ తెరుద్దాం. ఉండ తిన్నగా పోతే మాత్రం నువ్వు అబద్ధాలకోరువి. నువ్వే కాదు, నీ జాతిలో ఎవరూ ఇక ఈ మైదానంలో కాలు పెట్టకూడదు."

"తిరిగితే?"

"తిరిగినప్పుడు చూద్దాంలే."

"నేను ఎప్పుడూ ముందే చూసుకుంటాను" అని పేరమ్మ వెళ్ళిపోయింది.

ముందుచూపులో జయసింహం ఎవరికీ తీసిపోడు. పేరమ్మను పెట్టబోతున్నారని తెలిసిన రోజే, పోయిన ఎండాకాలంలో, గండడు మత్తు ముట్టని రోజుల్లో వాడి పేడ తీయించి ఎండబెట్టి దాచాడు. పోటీకి వారం ముందు దాన్ని నీళ్ళు పోసి తడిపించాడు, ఇప్పుడే వేసినట్టు మెత్తగా ఉండాలని. ఈ పనులన్నీ చేసింది పందికొక్కు బొరియప్ప. మట్టి తవ్వడంలో వాణ్ణి మించినవాడు లేడు. తవ్వమన్న చోట తవ్వడమే గానీ ఎందుకని అడిగే అలవాటు లేదు.

మందలు ఏటికి పోగానే బొరియప్ప వచ్చాడు.

"అయ్యా, గోతి అడుగు దాకా సొరంగం తవ్వాను. మూతి ముద్రలు కదలకుండా కుండ అడుగున చిల్లి పెట్టి మార్చేస్తా. చిల్లికి మళ్ళీ బంకమట్టి పూస్తా."

"కానీ."

"మనం దాచిన పేడ ఒకసారి చూస్తారా అయ్యా? సరిగ్గా ఉందో లేదో."

జయసింహం ముక్కు మూసుకున్నాడు. "మూత తియ్యకు. పేడలో సరిగ్గా ఉండేదేమిటి, లేనిదేమిటి? పేడ పేడే."

"మీరలా అంటే అంతే అయ్యా."

పనైపోయింది. మందలు నీళ్ళు తాగి వచ్చాయి. ఐదుగురు పెద్దలూ కుండ చుట్టూ చేరారు. జయసింహం దిబ్బ ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా. గండడి మీద మన పరీక్షాధికారి ఒక మాట అంటోంది. మన సంఘంలో దాపరికం లేదు. అందుకే మీ కళ్ళముందు రెండో కుండ తెరిపిస్తున్నాను. ముద్రలు చూసుకోండి."

పెద్దలు చూశారు. ముద్రలు చెక్కుచెదరలేదు. కుండ తెరిచారు. పేరమ్మ పైపైన కొంచెం తీసి ఉండ చేసి, తల వంచి, వెనక కాళ్ళతో నెట్టింది.

ఉండ తిన్నగా పోయింది.

ఒక బార. రెండు బారలు. పేరమ్మ మళ్ళీ మొదటికి తెచ్చి ఇంకోసారి నెట్టింది. అప్పుడూ తిన్నగానే పోయింది.

"చూశారా, గింజంత పురుగు కొండంత అబద్ధం ఆడింది" అన్నాడు గండడి మంద పెద్ద.

"ఈగే నయం" అని ఎవరో వెనక నుంచి అన్నారు. నవ్వులు లేచాయి.

జయసింహం చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. "పాపం, ఆమెను చూసి నవ్వకండి. పేరమ్మా, నీ నోటితో నువ్వే చెప్పు. ఉండ ఎలా పోయింది?"

ఆమె అబద్ధం ఆడదలిస్తే ఒక్క కాలు వంకర వేస్తే సరిపోయేది. ఉద్యోగం నిలిచేది, జాతి పరువు నిలిచేది. పేరమ్మ కాళ్ళు తుడుచుకుని నిలబడింది.

"తిన్నగా పోయింది. పొద్దున మొదటి కుండ తిరిగింది, అదీ నిజమే. రెండూ నా కాళ్ళు చెప్పినవే. ఒకటి చెప్పి ఒకటి దాచను. ఇంకో మాట. ఈ పేడలో పాత వాసన ఉంది."

"నిన్ను అడిగింది వాసన కాదు, దారి. దారి చెప్పావు. చాలు. గంట తీసుకురండి."

అప్పుడు పుల్లన్న లేచాడు. నెమ్మదిగా నడిచి కుండ దగ్గరికి వచ్చి, లోపలికి వంగి వాసన చూశాడు.

"అధ్యక్షులవారూ, ఒక ప్రశ్న గండణ్ణి అడగొచ్చా?"

"ఓడినవాళ్ళకు ప్రశ్నలు చాలా ఉంటాయి పుల్లన్నా."

"ఓడినవాడికే కదా తీరిక."

మందలు నవ్వాయి. వద్దంటే బాగుండదని నక్క తలూపింది.

"గండా, నాయనా, ఈ వారం ఏం తిన్నావు?"

కోడె తల ఊగుతోంది. మాట కాస్త ముద్దగా వచ్చింది. "వరిగడ్డి. ఉలవలు. మా మందలో తిండికి లోటేంటి?"

"తుమ్మకాయలు తిన్నావా?"

"మార్గశిరంలో తుమ్మకాయలెక్కడివి తాతా? ముసలితనంలో నీకు నెలలు కూడా తెలియడం లేదు."

"తెలుస్తున్నాయి నాయనా" అన్నాడు పుల్లన్న. "పెద్దలారా, కుండ బోర్లించండి. పేరమ్మ పైన తీసింది. నేను అడుగున చూస్తాను."

జయసింహం దిబ్బ మీంచి దిగాడు. "నియమంలో బోర్లించాలని లేదు."

"బోర్లించకూడదని ఉందా?" అని కొండ మంద పెద్ద అడిగాడు.

కుండ బోర్లించారు. పేడ నేల మీద పడింది. పుల్లన్న గిట్టతో దాన్ని విడదీశాడు. లోపల తుమ్మగింజలు ఉన్నాయి. ఒక్కో గింజకూ చిటికెన వేలంత తెల్లటి మొలక.

అక్కడున్న వాళ్ళంతా పుట్టిన దగ్గర్నుంచి పేడ చూసినవాళ్ళే. ఒక్క జయసింహానికే ఏమీ అర్థం కాలేదు.

"అయితే ఏమైంది? ఏవో గింజలు. తిన్నాడు, వేశాడు" అన్నాడు.

"పొద్దున వేసిన పేడలో గింజ మొలవాలంటే వారం పడుతుంది అధ్యక్షులవారూ" అన్నాడు పుల్లన్న. "గండడి కడుపులో ఎవరైనా సేద్యం చేస్తున్నారా?"

ఈసారి నవ్వు మైదానమంతా పాకింది. నల్లరేగడి మంద పెద్ద కుండను తిప్పి చూశాడు. అడుగున పచ్చి బంకమట్టి, గిట్ట ఆనిస్తే దిగిపోయింది. అందరి కళ్ళూ ఒకేసారి బొరియప్ప మీదికి వెళ్ళాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు ముక్కు మీద మట్టి తుడుచుకున్నాడు.

"నన్ను చూస్తారేం? తవ్వమన్నారు, తవ్వాను. మూత తీసి చూడమని అయ్యగారికి చెప్పాను కూడా. ముక్కు మూసుకున్నారు."

కంచే చేను మేసిందని అందరికీ తెలిసిపోయింది.

జయసింహం ఐదుగురు పెద్దలనూ పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు, అయినా అందరికీ వినిపించింది. "జరిగిందేదో జరిగింది. గంట పుల్లన్నకే ఇచ్చేద్దాం. లంక మెట్ట మందదే. గండడికి కాలు బెణికింది, తప్పుకున్నాడని చెబుదాం. ఎవరి పరువూ పోదు."

గంగాలు పరుగున వచ్చింది. "తీసుకో పుల్లన్నా. గడ్డి వస్తుంది కదా. ఎలా వస్తే ఏం? పంతం పిల్లల కడుపు నింపదు. నా కడుపుకోత నీకు తెలియంది కాదు."

పుల్లన్న ఆమె వైపు తిరిగాడు. "తెలుసక్కా. నేను ఆ దూడ పక్కనే పడుకున్నాను. కానీ గుట్టుగా తీసుకున్నది గుట్టుగానే పోతుంది. ఈ ఏడు నక్క మనకిస్తుంది. పై ఏడు మళ్ళీ పీతలెవరు పెడితే వాళ్ళకిస్తుంది. నాకు దాని చేతి మీదుగా ఏదీ వద్దు."

తర్వాత మందల వైపు తిరిగి గొంతు పెంచాడు.

"అదిగో, ముప్పై ఒక్క బారల దగ్గర మేకు ఉంది. అది మత్తు కొట్టిన మేకు. అది అలాగే ఉంటే, మత్తు తింటే ఎక్కువ లాగొచ్చని రేపు ప్రతి కోడె అనుకుంటాడు. బండ వెనక్కి తెండి. నేను మళ్ళీ లాగుతాను. గండడూ లాగనీ, లాగగలిగితే."

"పొద్దున ఒకసారి లాగావు. వయసు చూసుకో" అన్నాడు సముద్రపొడ్డు మంద పెద్ద.

"చూసుకునే అడుగుతున్నాను."

గండణ్ణి కాడి కిందికి తెచ్చారు. మత్తు దిగిపోయింది. ముందు కాళ్ళు వణికి మోకాళ్ళ మీద కూలాడు. బండ జానెడు కదల్లేదు. "నాకు బలం మందని చెప్పి మా మందలో పెట్టారు తాతా. ఇప్పసారాయిలో నానేసిన ఆకు, పైన బెల్లం. నాకేం తెలుసు?" అన్నాడు.

"పెట్టిన చెయ్యి వాళ్ళది. మింగిన నోరు నీది" అన్నాడు పుల్లన్న. "రెండేళ్ళు బండ జోలికి రాకు. నాగలి లాగు. నీకు మంచి భుజం ఉంది, దాన్ని పాడుచేసుకోకు."

పుల్లన్న కాడి కిందికి తల పెట్టాడు. నీడ గుర్తు పెట్టారు. మొదటి పది బారలు మెల్లగా పోయాడు. ఇరవై దగ్గర ఊపిరి కొలిమి తిత్తిలా వినిపించింది. ఇరవై తొమ్మిది దగ్గర బండ ఆగింది. పొద్దున ఆగిన చోటే. నీడ ఇంకా నాలుగు వేళ్ళు మిగిలి ఉంది. పుల్లన్న వెనక్కి ఒక్క అడుగు వేసి, తల నేలకు ఆనేంత వంచి, వాలులో రోజూ లాగిన రాయిని లాగినట్టు లాగాడు. ఉరుకు లేదు, రంకె లేదు. పన్నెండేళ్ళ ఒళ్ళు, ఆరేళ్ళ తెల్లవారుజాములు ఆ కాడికి ఆనుకున్నాయి. బండ కదిలింది. మేకును నేలలోకి తొక్కుకుంటూ దాని మీంచి గిట్టెడు దూరం అవతలికి పోయి ఆగింది.

పేరమ్మ ఎవరి చెవి దగ్గరికీ వెళ్ళలేదు. అతని పేడ తీసి, అందరి మధ్యా ఉండ చేసి దొర్లించింది. తిన్నగా పోయింది. "మందలారా, వినండి. పుల్లన్న పేడ శుభ్రం" అని పైకే చెప్పింది. గింజంత ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇక నుంచి ఫలితం ముందు అందరికీ చెప్పాలని, ఆ తర్వాతే అధ్యక్షుడికని ఐదుగురు పెద్దలూ అక్కడికక్కడే తీర్మానం చేశారు.

గంట ఎవరు కట్టాలన్న మాట వచ్చింది. అధ్యక్షుడు కట్టాలి. జయసింహం తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడి, పొట్ట పట్టుకుని మూలిగాడు.

"అన్నలారా, కొంతకాలంగా నాకు ఒంట్లో బాగుండడం లేదు. ఆరోగ్య కారణాల వల్ల ఈ పదవికి రాజీనామా..."

"ఆగండి" అన్నాడు పుల్లన్న. "ఒంట్లో బాగుండనివాళ్ళు రాజీనామా చేస్తారు. బుద్ధి బాగుండనివాళ్ళను తీసేస్తారు. మిమ్మల్ని తీసేశాం. కాగితంలో అలాగే రాయాలి."

ఐదు మందలూ ఔనన్నాయి. ఏటవతలి మంద కూడా, కాస్త ఆలస్యంగా. జయసింహం తోక కాళ్ళ మధ్య ఇరికించుకుని పొలాల గట్టు వెంట నడిచాడు. పీతలున్న ఏటి వైపు మాత్రం వెళ్ళలేకపోయాడు. గంగాలు గంట నోట కరుచుకుని వచ్చి పుల్లన్న మెడలో కట్టింది. తర్వాత మిగిలిన దూడలను ముందు పెట్టుకుని, లంకకు ఏరు దాటే రేవు ఎక్కడుందో చూపించడానికి తీసుకెళ్ళింది.

నీతి: తప్పు చేసినవాడు ఒక దొంగ, ఆ తప్పును కప్పిపెట్టిన పెద్ద పదిమంది దొంగలు.